కణంలోకి దూరడం ఒక ఎత్తు, సంచిలోంచి బయటపడటం మరో ఎత్తు

జబ్బులకు కారణమయ్యే ప్రోటీన్లలో చాలా భాగం కణం లోపలే పనిచేస్తాయి. క్యాన్సర్‌లో అదుపు తప్పిన రాస్ ప్రోటీన్ కావచ్చు, కండరాల జబ్బులో తప్పుడు సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏ కావచ్చు, మందు వాటి దగ్గరికి వెళ్తే తప్ప ఫలితం ఉండదు. మధ్యలో అడ్డు కణత్వచం. దాని మందం 4 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కొవ్వు అణువులు రెండు వరసలుగా, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టి నిలబడితే ఏర్పడే పొర అది. చిన్నగా, కాస్త జిడ్డు స్వభావంతో ఉన్న అణువులు దాని గుండా జారిపోతాయి. నీటిలో బాగా కరిగేవి, పెద్దవి, విద్యుదావేశం ఉన్నవి బయటే ఆగిపోతాయి.

నోటి ద్వారా వేసుకునే మందులు ఎక్కువగా 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపు బరువున్నవే కావడానికి ఇదొక ముఖ్య కారణం. 1997లో క్రిస్టఫర్ లిపిన్‌స్కీ ఈ గమనికను నాలుగు షరతుల సూత్రంగా రాశాక మందుల కంపెనీలు చాలాకాలం ఆ గీత దాటలేదు. కానీ చిన్న అణువుకు పట్టు దొరకని ప్రోటీన్లు చాలానే ఉన్నాయి. వాటి ఉపరితలం చదునుగా ఉంటుంది, అణువు ఇరుక్కోవడానికి గుంట ఉండదు. అలాంటి చోట పెద్ద అణువులే కావాలి. పెప్టైడ్‌లు (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు), ప్రోటీన్‌లు, ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే యాంటీసెన్స్ మందులు ఆ కోవలోవే. డుషేన్ కండర క్షీణతకు వాడే ఎటెప్లిర్సెన్ అనే యాంటీసెన్స్ మందు బరువు సుమారు 10,300 డాల్టన్లు. గీతకు ఇరవై రెట్లు!

ఇంత పెద్ద సరుకును లోపలికి మోసుకెళ్లే చిన్న పెప్టైడ్‌ను తయారు చేయవచ్చా? చేయవచ్చని మూడు దశాబ్దాలుగా తెలుసు. అయినా ఈ దారిలో వచ్చిన మందులు ఎందుకింత తక్కువ? నా ఉద్దేశంలో దీనికి కారణం చాలాకాలం ప్రశ్నను తప్పుగా వేసుకోవడమే. ‘పెప్టైడ్ కణంలోకి వెళ్లిందా?’ అని అందరూ అడిగారు. అడగాల్సింది ‘సరుకు పనిచేయాల్సిన చోటికి ఎంత చేరింది?’ అని.

వైరస్ దగ్గర దొరికిన దారి

1988లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా ఒకే వింతను గమనించాయి. ఒకదానిలో అలన్ ఫ్రాంకెల్, కార్ల్ పాబో ఉన్నారు. రెండోదానిలో మారిస్ గ్రీన్, పాల్ లోవెన్‌స్టైన్. హెచ్‌ఐవీ వైరస్‌కు టాట్ అనే ప్రోటీన్ ఉంది. వైరస్ జన్యువులను చురుగ్గా పనిచేయించడం దాని విధి. ఆ ప్రోటీన్‌ను కణాలున్న ద్రవంలో ఊరికే కలిపితే చాలు, దానంతట అదే లోపలికి పోయి, కేంద్రకం దాకా చేరి, జన్యువును మేల్కొలుపుతోంది. అంత పెద్ద ప్రోటీన్, అంత విద్యుదావేశంతో, త్వచం ఎలా దాటినట్టు? 1991లో పారిస్‌లో అలెన్ ప్రొషియాంట్జ్ బృందానికి ఇలాంటిదే ఈగలోని యాంటెన్నపీడియా అనే ప్రోటీన్‌లో కనిపించింది. 1994లో వాళ్లు దాన్ని కుదించి 16 అమైనో ఆమ్లాల ముక్క చాలని తేల్చారు. అదే పెనెట్రాటిన్. 1997లో మోంపెలియేలో బెర్నార్ లెబ్లూ ప్రయోగశాల టాట్‌లోనూ ఒక చిన్న ముక్కతో పని జరుగుతుందని చూపించింది.

ఆ టాట్ ముక్కను ఒకసారి దగ్గరగా చూద్దాం. ఎక్కువమంది వాడే రూపంలో 11 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వరసగా: టైరోసిన్, గ్లైసిన్, ఆర్జినిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, ఆర్జినిన్, గ్లుటమిన్, ఆర్జినిన్, ఆర్జినిన్, ఆర్జినిన్. పదకొండింటిలో ఎనిమిది ధనావేశం ఉన్నవి. అందులో ఆరు ఆర్జినిన్‌లే.

అయితే ధనావేశమే కిటుకా? కాదు. లైసిన్‌కూ ఆర్జినిన్‌కూ ఒక్కో ధనావేశమే ఉంటుంది. అయినా తొమ్మిది లైసిన్‌ల గొలుసు కంటే తొమ్మిది ఆర్జినిన్‌ల గొలుసు ఎన్నో రెట్లు మెరుగ్గా లోపలికి వెళ్తుంది. 2000 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ వెండర్, జొనాథన్ రాత్‌బార్డ్ బృందం దీన్ని ఓపిగ్గా విడదీసి చూసింది. తేడా అంతా ఆర్జినిన్ చివరన ఉండే గ్వానిడినియం గుంపులో ఉంది. అది చదునుగా ఉంటుంది, ఆవేశం దాని మీద పరుచుకుని ఉంటుంది. త్వచం తలల్లో ఉండే ఫాస్ఫేట్‌ను అది ఒకేసారి రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకోగలదు. కణం బయటి చక్కెర గొలుసుల మీద ఉన్న సల్ఫేట్‌నూ అంతే. లైసిన్ కొసన ఉన్న గుంపుకు ఆ జంట పట్టు లేదు. అలా ఫాస్ఫేట్‌తో జత కట్టాక ఆర్జినిన్ ఆవేశం కొంత కప్పబడి, కొవ్వు పొర దాన్ని అంతగా తోసేయదు. ఆరు కంటే తక్కువ ఆర్జినిన్‌లు ఉంటే ప్రవేశం బాగా పడిపోతుంది. ఎనిమిది దగ్గర బాగుంటుంది. ఇంకా పొడవు పెంచుకుంటూ పోతే కణాలకు హాని మొదలవుతుంది.

వాళ్ల పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే ఫలితం ఇంకొకటి. అమైనో ఆమ్లాలను వాటి అద్దంలోని ప్రతిబింబం లాంటి డి-రూపంలోకి మార్చినా పెప్టైడ్ లోపలికి వెళ్లింది. వెన్నెముక గొలుసునే వేరే రసాయనంతో మార్చి, గ్వానిడినియం గుంపులు మాత్రం ఉంచినా వెళ్లింది. అంటే ఇది తాళానికి సరిపడే తాళంచెవి లాంటి వ్యవహారం కాదు, కచ్చితమైన ఆకారాన్ని గుర్తుపట్టే గ్రాహకం ఏదీ తప్పనిసరి కాదు. డిజైన్ చేసేవాళ్లకు ఇది పెద్ద స్వేచ్ఛ. ఇబ్బంది కూడా. ఆకారాన్ని పట్టించుకోని ప్రవేశం కణానికీ కణానికీ తేడా చూడదు. క్యాన్సర్ కణంలోకి వెళ్లినట్టే ఆరోగ్యంగా ఉన్న కణంలోకీ వెళ్తుంది.

2003లో ఏమైంది

ఒక పెప్టైడ్ కణంలోకి వెళ్లిందని ఎలా తెలుస్తుంది? దానికి మెరిసే రంగు తగిలించి, కణాల మీద పోసి, కాసేపాగి కడిగి, ఫార్మాల్డిహైడ్‌తోనో మెథనాల్‌తోనో కణాలను స్థిరపరిచి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కేంద్రకం మెరిసిపోతూ కనిపించేది. కణాలను 4 డిగ్రీల చలిలో ఉంచినా అదే దృశ్యం. చలిలో కణం మింగే పని ఆపేస్తుంది కాబట్టి పెప్టైడ్‌లు త్వచాన్ని నేరుగా చీల్చుకుని వెళ్తున్నాయని అందరూ నమ్మారు.

2003లో లెబ్లూ ప్రయోగశాలే ఆ నమ్మకాన్ని మళ్లీ పరీక్షకు పెట్టింది. కణాలను స్థిరపరచకుండా బతికుండగానే చూశారు. పైన అంటుకుని ఉన్న పెప్టైడ్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కోసి తీసేశారు. ఇప్పుడు కేంద్రకంలో మెరుపు లేదు. కణమంతా చిన్నచిన్న చుక్కలు మాత్రమే కనిపించాయి. జరిగిందేమిటంటే, ధనావేశం వల్ల పెప్టైడ్ కణం పైభాగాన గట్టిగా అంటుకుంటుంది, మామూలుగా కడిగితే పోదు. స్థిరపరిచే రసాయనం త్వచాన్ని గుల్ల చేయగానే అది లోపలికి దూసుకెళ్లి, ఋణావేశంతో నిండిన డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. మైక్రోస్కోప్‌లో అందరూ అన్నేళ్లు చూసింది చాలావరకు చనిపోయిన కణాల్లోకి జరిగిన ప్రవేశం.

ఈ రంగానికి పేరు తెచ్చిన ప్రయోగశాలల్లో ఒకటి తన వాదనను తానే ఇలా తిరగదోడటం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. ఆ వ్యాసం తర్వాత లెక్కలేనన్ని పాత ఫలితాలను సందేహంతో మళ్లీ చదవాల్సి వచ్చింది. అయినా రంగం మూతపడలేదు. ప్రశ్న మారింది, అంతే.

ఆ చుక్కలు ఎండోసోమ్‌లు. కణం తన త్వచాన్నే లోపలికి మడుచుకుని, బయటి ద్రవంతో పాటు పెప్టైడ్‌ను మింగితే ఏర్పడే సంచులు. సంచి లోపలికి వెళ్లింది నిజమే, కానీ పెప్టైడ్ సంచిలోనే ఉంది. దానికీ కణద్రవ్యానికీ మధ్య అదే కొవ్వు పొర ఇంకా ఉంది! కాసేపటికి సంచి ఆమ్లంగా మారుతుంది. బయట 7.4 ఉన్న పీహెచ్ మొదట 6 ప్రాంతానికి, ఆ తర్వాత 5.5కు దిగి, చివరికి లైసోసోమ్‌లో 4.5–5 దగ్గర ఆగుతుంది. అక్కడ ఎంజైమ్‌లు ప్రోటీన్‌ను ముక్కలు చేస్తాయి. ఈలోపు తప్పించుకోవాలి. టాట్ లాంటి పాత పెప్టైడ్‌ల విషయంలో తప్పించుకునేది తరచుగా కొద్ది శాతమే.

పెప్టైడ్‌లు నేరుగా త్వచం దాటడం పూర్తిగా అబద్ధమా అంటే అదీ కాదు. గాఢత బాగా పెంచితే, సరుకు చిన్నదైతే, ఆర్జినిన్ పెప్టైడ్‌లు నేరుగానూ వెళ్తాయి. ఒకే పెప్టైడ్ తక్కువ గాఢతలో ఒక దారి, ఎక్కువ గాఢతలో ఇంకో దారి పడుతుంది. కాబట్టి పెప్టైడ్‌ను ఒంటరిగా పరీక్షించి వచ్చిన ఫలితాన్ని, దానికి పదింతల బరువున్న సరుకు తగిలించాక కూడా నమ్ముకుంటే దెబ్బతింటాం.

సంచిలోంచి బయటికి

తప్పించుకోవడం ఎలాగో వైరస్‌లకు ఎప్పుడో తెలుసు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎండోసోమ్ ఆమ్లంగా మారేదాకా ఆగుతుంది. అప్పుడు దాని పైనున్న హీమగ్లుటినిన్ ప్రోటీన్ ఆకారం మారి, సంచి త్వచంలోకి గుచ్చుకుని, రెండు పొరలనూ కలిపేస్తుంది. 1987లో తయారైన గాలా అనే 30 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఈ ఆలోచనకు తొలి నమూనాల్లో ఒకటి. అందులో గ్లుటమిక్ ఆమ్లాలు క్రమం తప్పకుండా వస్తాయి. మామూలు పీహెచ్‌లో వాటి ఋణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గొలుసును వదులుగా ఉంచుతాయి. ఆమ్లంలో ఆ ఆవేశం పోగానే గొలుసు చుట్టలా బిగుసుకుని త్వచంలోకి దిగుతుంది. హిస్టిడిన్‌నూ ఇందుకే వాడతారు. బయట అది దాదాపు తటస్థం, పీహెచ్ 6 దాటి కిందికి దిగితే ధనావేశం తెచ్చుకుంటుంది.

ఇక్కడే డిజైన్‌లో అసలు టెన్షన్ ఉంది. సంచి త్వచాన్ని చీల్చేంత బలం ఉన్న పెప్టైడ్ కణత్వచాన్నీ చీల్చగలదు. తేనెటీగ విషంలోని మెలిటిన్ అలాంటిదే, ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఆ బలం సంచిలో మాత్రమే బయటపడాలి. జిడ్డు స్వభావం ఉన్న ట్రిప్టోఫాన్ లాంటివి కలిపితే తప్పించుకోవడం పెరుగుతుంది, దాంతో పాటు విషప్రభావమూ పెరుగుతుంది. ఒకటి సరిచేయబోతే ఇంకోటి చెడుతుంది.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డెహువా పెయ్ బృందం వేరే దారి పట్టింది. గొలుసు రెండు కొసలనూ కలిపి చిన్న వలయంగా చేశారు. అందులో నాలుగు ఆర్జినిన్‌లు, పక్కన జిడ్డు స్వభావం ఉన్న మూడు అమైనో ఆమ్లాలు, కొన్ని సహజమైన ఎల్-రూపం, కొన్ని డి-రూపం. వలయం కావడంతో ఎంజైమ్‌లకు కోయడానికి కొస దొరకదు, గుంపులన్నీ దగ్గరదగ్గరగా బిగిసి ఉంటాయి కాబట్టి త్వచాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఈ పెప్టైడ్‌లు సంచి గోడను చీల్చవని వాళ్ల వివరణ. గోడ లోపలివైపు ఒకచోట గుమికూడి, దాన్ని వంచి, చిన్న బుడిపెలా తెంచుకుని బయటపడతాయి. ఆ బుడిపె వెంటనే చితికి సరుకు కణద్రవ్యంలో పడుతుంది. టాట్ కంటే ఇవి ఎన్నో రెట్లు మెరుగని లెక్కలు చెబుతున్నాయి.

ఆ లెక్కలు కూడా ఇప్పుడు నమ్మదగ్గవి అయ్యాయి, ఎందుకంటే కొలిచే పద్ధతి మారింది. 2017లో టఫ్ట్స్ యూనివర్సిటీలో జాషువా క్రిట్జర్ బృందం తెచ్చిన పరీక్షలో పెప్టైడ్‌కు మెరిసే రంగుకు బదులు క్లోరోఆల్కేన్ అనే చిన్న తోక తగిలిస్తారు. ఆ తోకను శాశ్వతంగా పట్టుకునే హాలోట్యాగ్ ప్రోటీన్‌ను కణద్రవ్యంలో మాత్రమే ఉంచుతారు. సంచిలో ఇరుక్కున్న పెప్టైడ్ ఎంత ఉన్నా లెక్కలోకి రాదు, పైన అంటుకున్నదీ రాదు. 2003లో బయటపడిన ఆ పొరపాటుకు ఇక్కడ తావే లేదు.

శరీరంలో ఎదురయ్యేవి

గాజు పళ్లెంలో బాగా పనిచేసిన పెప్టైడ్ రక్తంలో నిమిషాల్లో మాయం కావచ్చు. దీనికి నెరినెటైడ్ కథ కంటే మంచి ఉదాహరణ లేదు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు నాడీకణాలు చనిపోవడాన్ని తగ్గించాలని దాన్ని రూపొందించారు. 20 అమైనో ఆమ్లాల గొలుసు. మొదటి 11 మనం పైన చూసిన టాట్ ముక్కే, మిగతా 9 కణం లోపల పీఎస్‌డీ-95 అనే ప్రోటీన్‌ను అడ్డుకునేవి. 1,105 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మొత్తం మీద ప్రయోజనం తేలలేదు. కానీ విడదీసి చూస్తే, రక్తపు గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ తీసుకోనివాళ్లలో మేలు జరిగినట్టు అనిపించింది, తీసుకున్నవాళ్లలో లేదు. ఆల్టెప్లేజ్ శరీరంలో ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌ను పుట్టిస్తుంది. ప్లాస్మిన్ గొలుసును ఎక్కడ కోస్తుందో తెలుసా? ఆర్జినిన్, లైసిన్‌ల తర్వాత. కణంలోకి తీసుకెళ్లే ఎనిమిది ధనావేశాలే కత్తికి గుర్తులయ్యాయి. ఆ తర్వాత ఆల్టెప్లేజ్ ఇవ్వని రోగులతోనే మరో పరీక్ష చేశారు. అందులోనూ అనుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అంత శ్రమ తర్వాత ఆ ఫలితం చదవడం బాధగానే ఉంటుంది.

ఎంజైమ్‌ల బెడదకు మందు వెండర్ బృందం చూపిన స్వేచ్ఛలోనే ఉంది. వాహకం డి-రూపంలో ఉన్నా కణంలోకి వెళ్తుంది, ఎంజైమ్‌లు మాత్రం దాన్ని గుర్తుపట్టలేవు. సరుకు భాగం తన లక్ష్యాన్ని ఆకారంతో పట్టుకోవాలి కాబట్టి దాన్ని ఎల్-రూపంలో ఉంచాలి. ఇలా ఒకే గొలుసులో రెండు రూపాలూ కలపవచ్చు. ప్లాస్మిన్‌ను తట్టుకునే నెరినెటైడ్ రూపం అలాగే తయారై జంతువుల్లో పనిచేసింది.

సరుకును విడిపించడం ఇంకో సమస్య. 2000లో రాత్‌బార్డ్ బృందం ఏడు ఆర్జినిన్‌లను సైక్లోస్పోరిన్‌కు తగిలించి చర్మం గుండా పంపగలిగింది. సోరియాసిస్‌కు మనుషుల్లో పరీక్షించారు కూడా. మందు చర్మంలోకి వెళ్లింది, కానీ వాహకం నుంచి తగినంత వేగంగా విడిపోలేదు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. విడిపోయే కొక్కెం కావాలంటే డైసల్ఫైడ్ బంధం ఒక దారి. ఆ బంధాన్ని తెంచే గ్లుటాథయాన్ అనే అణువు కణం లోపల బయటకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి బంధం లోపలికి వెళ్లాకే తెగుతుంది. యాంటీసెన్స్ మందులకైతే ఈ బాధ తక్కువ, వాహకం అంటుకుని ఉన్నా అవి పనిచేస్తాయి.

ఏ కణంలోకి వెళ్లాలన్నదాన్ని ఎలా అదుపు చేయాలి? 2004లో రోజర్ చెన్ బృందం ఇచ్చిన జవాబు ఈ రంగంలో నాకు బాగా నచ్చినది. ఆర్జినిన్‌ల గొలుసుకు ఎదురుగా గ్లుటమిక్ ఆమ్లాల గొలుసును మధ్యలో వంతెనతో కలిపారు. ఆవేశాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని పెప్టైడ్ మౌనంగా రక్తంలో తిరుగుతుంది. క్యాన్సర్ గడ్డల చుట్టూ ఎక్కువగా ఉండే, ప్రోటీన్లను కోసే ఎంఎంపీ ఎంజైమ్‌లు ఆ వంతెనను కోస్తేనే ఆర్జినిన్‌లు బయటపడి పక్కనున్న కణాల్లోకి దూరతాయి. ఈ ఆలోచనతో తయారైన మెరిసే పెప్టైడ్‌ను రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డ అంచులు కనిపెట్టడానికి మనుషుల్లో పరీక్షించారు.

కంప్యూటర్లకు వదిలేస్తే?

పది అమైనో ఆమ్లాల పొడవుకే 20 రకాలతో దాదాపు 10 లక్షల కోట్ల వరసలు సాధ్యం. అన్నీ తయారు చేసి చూడలేం కాబట్టి యంత్రాలతో ఊహించడం సహజం. చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ సంస్థలో జి.పి.ఎస్. రాఘవ బృందం 2012లో ఇలాంటి పెప్టైడ్‌లన్నిటినీ సేకరించి సీపీపీసైట్ అనే డేటాబేస్ తెచ్చింది. తర్వాతి రూపంలో 1,855 నమోదులు ఉన్నాయి. ఎంతోమందికి పనికొచ్చిన సేకరణ అది. కానీ ప్రచురితమైన సమాచారంలోనే చిక్కుంది. ఒక్కో ఫలితం ఒక్కో కణజాతిలో, ఒక్కో గాఢతలో, ఒక్కో పద్ధతిలో వచ్చినది. దాని మీద నేర్చుకున్న యంత్రం ‘ఆర్జినిన్‌లు ఎక్కువుంటే వెళ్తుంది’ అన్న సంగతిని తిరిగి మనకే చెప్పే ప్రమాదం ఉంది.

ఎంఐటీ బృందం 2021లో ప్రచురించిన పని ఈ విషయంలో మెరుగు. వాళ్లు ఒకే సరుకుతో, ఒకే పరీక్షతో వచ్చిన సమాచారాన్నే యంత్రానికి నేర్పారు. ఆ పరీక్ష కూడా తెలివైనది. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జన్యువును మధ్యలో చెడగొట్టిన కణాలవి. యాంటీసెన్స్ మందు కేంద్రకం చేరి ఆర్‌ఎన్‌ఏ అతుకును సరిచేస్తేనే కణం మెరుస్తుంది. సంచిలో ఇరుక్కుంటే చీకటే. అంటే యంత్రం నేర్చుకున్నది ప్రవేశాన్ని కాదు, పనిని.

ఈ పరీక్ష దేని కోసమో డుషేన్ జబ్బు దగ్గరికి వెళ్తే అర్థమవుతుంది. ఎటెప్లిర్సెన్‌కు 2016లో అమెరికాలో అనుమతి దొరికింది. వారం వారం కిలో శరీర బరువుకు 30 మిల్లీగ్రాములు ఎక్కించాలి. చాలావరకు మూత్రంలో పోతుంది, ఈ జబ్బులో కండరానికి కొరవడే ప్రోటీన్ డిస్ట్రోఫిన్ పెరిగేది స్వల్పమే. అదే రకం మందుకు ఆర్జినిన్‌లు ఎక్కువున్న పెప్టైడ్ తగిలించి నెలకోసారి ఇస్తే డిస్ట్రోఫిన్ బాగా పెరిగింది. కానీ ధనావేశం ఉన్న పెప్టైడ్‌లను మూత్రపిండాల నాళికలు ఎక్కువగా పీల్చుకుంటాయి. రోగుల్లో మెగ్నీషియం పడిపోవడం మొదలైంది, మోతాదు పెంచే వీలు లేకపోయింది. 2024లో ఆ మందు అభివృద్ధి ఆపేశారు.

ఇప్పుడు అదే జబ్బుకు వలయాకార పెప్టైడ్‌లతో కూడిన యాంటీసెన్స్ మందులు మనుషుల్లో పరీక్షలకు వచ్చాయి. లెక్క తేలికే. సంచిలోంచి తప్పించుకునే భాగం రెండు శాతం నుంచి పది శాతానికి పెరిగితే అదే పనికి ఐదో వంతు మోతాదు చాలు, మూత్రపిండాల మీద పడే భారమూ ఆ మేరకు తగ్గాలి. ఆ లెక్క పిల్లల కండరాల్లో నిజమవుతుందా లేదా అన్నది కండరం ముక్క తీసి డిస్ట్రోఫిన్ కొలిచినప్పుడు, పక్కనే రక్తంలో మెగ్నీషియం చూసినప్పుడు తెలుస్తుంది.